మొలలోని కత్తి: దాచుటకా? పనిచేయుటకా?



దసరా పండుగనాడు మనము పనిముట్ల నన్నిటిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, యొకచోట నిలిపి పూజించుచున్నాము. ఆనాడు నాగలి దున్నదు, కొడవలి కోయదు, కత్తి తెగవేయదు. ఇది మంచి యాచారము. కాని పనిముట్టునకు ఆ విశ్రాంతి సంవత్సరమున కొక్క దినమే. తక్కిన 364 దినములును అది పనిచేయుటకే పుట్టినది. ఈ సంగతి నాగలి విషయములో అందరికిని తెలిసినదే. నాగలిని గుడ్డలో చుట్టి యటుకమీద దాచినవానిని మేమెక్కడను చూడలేదు. మొలలో నుంచుకొను చిన్నకత్తి విషయములో మాత్రము మంచి సేద్యగాండ్రు సైతము పొరబడుచున్నారు. అందుచేత ఈ నెల ఆ చిన్న వస్తువును గూర్చియే వ్రాయదలచితిమి.

మేము గ్రామములు తిరుగునపుడు రెండు విధములైన కత్తులు తరచుగా కనబడుచుండును. మొదటిది కొన్ననాటి మెరుగుతో, గుడ్డలో చుట్టబడి, పెట్టెలో భద్రముగా నుండును. "ఇంతవరకు దీనితో ఒక్క పుల్లనైనను కోయలేదండి" అని యజమానుడు గర్వముతో చూపును. రెండవదాని అంచు నొక్కులుపడి, మొన వంగి, పిడి వదులై యుండును. దానితో డబ్బామూతలు తీయుదురు, మేకులు పెరుకుదురు, మరలు త్రిప్పుదురు, మన్నుకూడ త్రవ్వుదురు. "పనిముట్టన్న తరువాత అరగదా యండీ" అని దాని యజమానుడు చెప్పును. ఈ యిద్దరును ఒకరి నొకరు చూచి నవ్వుకొందురు. మా యభిప్రాయములో ఇద్దరును ఒక్క తప్పే చేయుచున్నారు. ఇద్దరి యొద్దను, పని పడిన గడియలో, తెగు కత్తి లేదు.

మా యింట జరిగిన సంగతి

ఇతరుల తప్పును చెప్పుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో తోటపని నేర్పిన యుపాధ్యాయులు, మేము పెంచిన మడి బాగున్నదని మెచ్చి, అంట్లు కట్టు కత్తి నొకదానిని బహుమానముగా నిచ్చిరి. దాని అలుగు అద్దమువలె నుండెను. వాడినచో గీతలు పడునని మాకు భయము. కావున తోలుముక్కలో చుట్టి, పెట్టె యడుగున నుంచి, సెలవులలో మాత్రము తీసి చూచుకొని మురియుచుంటిమి.

ఒక వానకాలపు సాయంకాలమున, మా జోడెడ్లలో నొకటి కాలువగట్టున కట్టివేయబడి యుండగా కాలు జారి గట్టు దిగువకు పడెను. పలుపు మెడకు చుట్టుకొని బిగుసుకొనెను. తడిసిన నులక ముడి చేతికి రాదు. మా తండ్రిగారును మేమును ఎద్దును పైకి లాగజూచితిమి గాని ఆ బరువు మా యిద్దరి బలమునకు మించినది. మా యొద్ద కత్తి లేదు. ఉన్న కత్తి ఇంటిలో, పెట్టెలో, తోలుముక్కలో నున్నది. కేకలు విని పొరుగుచేని రైతు పరుగున వచ్చి, మొలలోనుండి నల్లబడిన పాత కత్తిని తీసి, ఒక్క కోతతో పలుపును తెగవేసెను. కాని అప్పటికే ఆలస్యమైనది. ఎద్దు బ్రదుకలేదు. దానిని కొనుటకు సంఘములో తీసికొన్న యప్పునకు ఇంకను రెండు వాయిదాలు మిగిలియుండెను.

మా తండ్రిగారు మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఆ రాత్రి మేము పెట్టె తెరచి కత్తిని చూచితిమి. అంత భద్రముగ దాచిన యలుగుమీద, తోలు తగిలిన చోటులందు, ఎర్రని తుప్పు చుక్కలు పడియుండెను. పనియు జరుగలేదు, మెరుగును మిగులలేదు. అప్పటినుండి ఆ కత్తి మా మొలలోనే యున్నది. దాని అలుగిప్పుడు నల్లనిది, కొంత సన్నబడినది. అయినను కోయుమన్న దానిని కోయుచున్నది.

దాచిన కత్తికి తుప్పేల?

ఇనుము, నీరు, గాలి యీ మూడును కలిసినచోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో త్వరపడును. తోలును పదును చేయుటలో వాడు లవణములును ఆమ్లములును కొంత తోలులో మిగిలియుండును. అదిగాక తోలు గాలిలోని తేమను పీల్చి పట్టియుంచును. అందుచేత తోలు ఒర కత్తిని మోయుటకు మంచిదే గాని నెలల తరబడి నిలువ చేయుటకు తగదు. దినమును వాడు కత్తిని దినమును తుడుచుచుందుము. తుప్పు చుక్క పుట్టిననాడే కనబడును. దాచిన కత్తిని ఏడాదికొకమారు చూతుము. అప్పటికి చుక్క గుంటయైపోవును.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. నిమ్మకాయ, పచ్చిమామిడి, చింత, ఉల్లి మున్నగువానిని కోసినపుడు మామూలు ఉక్కు అలుగు నీలముగను, తరువాత నల్లగను మారును. ఇది చెరుపు కాదు. ఉక్కుమీద నంటుకొని యుండు పలుచని పొర యిది. ఎర్రతుప్పును కొంతవరకు అడ్డగించును కూడ. కొందరు రైతులు దీనిని చూచి కత్తి చెడిపోయినదని తలచి, ఇసుకతో తోమి తోమి తెల్లగ చేయుదురు. దానివలన ఉక్కు అరుగును, మరల తుప్పునకు దారి యేర్పడును. నలుపును విడువుడు, పొడిపొడిగ రాలు ఎరుపును మాత్రము వెంటనే తీసివేయుడు.

తుప్పుపట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు కత్తుల నిప్పుడు అంగళ్ళలో విరివిగా అమ్ముచున్నారు. అందులో నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువ కాకుండ క్రోమియము చేరియుండును. అది గాలి తగులగనే అలుగుమీద కంటికి కనబడని కవచమును కట్టును. నిమ్మతోటలలోను, ఉప్పుగాలి తగులు సముద్రతీర గ్రామములలోను ఇట్టి కత్తి మేలు. కాని యదియు ఉప్పు చెమటలో నానినచో మచ్చలు పడును. మన కమ్మరులు పాత లారీల కమాను పట్టీలనుండి చేయు కత్తులు త్వరగా తుప్పుపట్టునుగాని, మన యూరి సానరాతిమీద సులువుగా పదునెక్కును. ఏది కొన్నను, తుడుచు చేతిని బట్టియే కత్తి మన్నిక.

వాడుక వేరు, దుర్వినియోగము వేరు

కత్తిని వాడుడని చెప్పినంతమాత్రమున దానిని గునపముగాను, ఉలిగాను, పట్టుకారుగాను వాడుడని మా యుద్దేశము కాదు. పురికొస తెంచుట, బస్తా కుట్టు విప్పుట, ఎండుకొమ్మ తీసివేయుట, వేపపుల్ల చెక్కుట, పండు కోయుట, అంటు కట్టుట, పశువుల పలుపు కోయుట, ఇవి చిన్నకత్తి పనులు. తక్కిన వానికి వేరు పనిముట్లు కలవు.

పదునైన అంచు మిక్కిలి గట్టిది. గట్టిది గనుకనే పెళుసైనది. మూత క్రిందికి దూర్చి ప్రక్కకు వంచినపుడు మొన విరుగును. మన్ను త్రవ్వినపుడు అందలి ఇసుక రేణువులు అంచును కొరుకును; ఏలననగా ఇసుకలోని స్ఫటికము సాధారణ కత్తి యుక్కుకంటె గట్టిది. ఒక్క మారు మన్నులో పొడిచినచో వారము దినములు నూరిన పదును పోవును.

ఒకటి జ్ఞాపకముంచుకొనుడు. మొద్దు కత్తియే చేతిని కోయును. అంచు తెగనపుడు మనము బలము పెంచుదుము. బలము పెరిగినపుడు కత్తి జారును. పదునైన కత్తి నెమ్మదిగా, మనము చూపిన దారినే పోవును. ఏ కత్తితో తెగినను, గాయములో మన్నుగాని పేడగాని తగిలినచో ధనుర్వాతపు భయము కలదు. ఆ వ్యాధి తుప్పువలన వచ్చునని పలువురు తలచుచున్నారు. నిజమునకు దాని బీజములు మన్నులోను పేడలోను ఉండును. కావున కత్తి క్రొత్తది, మెరయుచున్నది యని ధైర్యపడక, గాయమును సబ్బుతో కడిగికొని, వైద్యుని చూచి, టీకా సంగతి విచారించుకొనవలెను.

నూరుట

కత్తిని నూరుట యెట్లు? సానరాతికి రెండు ముఖము లుండవలెను: ఒకటి గరుకు, ఒకటి నునుపు. అంచు నొక్కులు పడినపుడే గరుకు ముఖము కావలెను. నెల నెలా చేయు పనికి నునుపు ముఖము చాలును. రాతిని నీటితో తడిపి, అలుగును రాతిమీద నుంచి, వీపు భాగమును కొంచెము పైకెత్తి, రాతిని పలుచగ చెక్కుచున్నట్లు త్రోయవలెను.

ఎంత ఎత్తవలెనన్న సందేహము కలుగును. ఒక కాగితపు మూల చదరపు మూల, అనగా 90 డిగ్రీలు. ఆ మూలను సరిసగముగా మడచినచో 45. మరల సరిసగముగా మడచినచో ఇరువదిరెండున్నర. ఆ మడతను రాతి ప్రక్క నుంచుకొని, అలుగును ఆ వాలుననే పట్టుడు. మొలకత్తికి ఇది సరిపోవు వాలు. రెండు ప్రక్కలను సమానముగా నూరవలెను. ఒక ప్రక్క నూరినపుడు రెండవ ప్రక్క అంచున వ్రేలికి గరగరలాడు సన్నని పొర లేచును. అది అంచు పొడుగునను లేచినదాక నూరి, తరువాత ప్రక్క మార్చి, చివర నునుపు రాతిమీద తేలికగా నటునిటు రాచి ఆ పొరను తీసివేయుడు. పదునును బొటనవ్రేలితో పరీక్షింపకుడు. ఒక కాగితమును పట్టుకొని కోసి చూడుడు. చిరుగక తెగినచో పని ముగిసినట్లే.

అంట్లు కట్టు కత్తి కొన్నిటికి ఒక ప్రక్క మాత్రమే వాలు ఉండును. రెండవ ప్రక్క చదునుగా నుండును. వాలు ప్రక్కనే నూరవలెను. చదును ప్రక్కను రాతిమీద పూర్తిగా ఆనించి, లేచిన పొరను తీయుటకు మాత్రము రెండు మూడు మారులు రాయవలెను. చదును పోయినచో కోత వంకరపోవును. కోత వంకరయైనచో అంటు అతుకదు.

సంతలలో విద్యుచ్చక్రముమీద కత్తులను నూరించుకొనువారికి ఒక హెచ్చరిక. నిప్పురవ్వలు రాలుచుండగా అంచు మిక్కిలి వేడెక్కును. అంచు నీలివన్నెకు తిరిగినచో అచటి ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని చూచినదని గ్రహింపవలెను. కమ్మరి కాల్చి, ముంచి, గట్టిపరచిన గుణము అచట సడలిపోవును. అట్టి అంచు ఆనాడు పదునుగానే యుండును, వారములో మొద్దుబారును. మాటిమాటికి నీట ముంచి నూరుమని చెప్పుడు.

నూనె విషయము. పని ముగియగనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనెను పలుచగ రాయవలెను. అలుగునకు ఆముదముగాని కొబ్బరినూనెగాని తగును. అవిసెనూనె, పొద్దుతిరుగుడు నూనె వంటివి గాలికి ఆరి బంకవలె గట్టిపడును. మడత కత్తుల కీలునందు అట్టి బంక చేరినచో తెరచుట కష్టమగును. కీలునకు కుట్టుమిషను నూనె మేలు. ఈ పని యంతటికిని చుట్ట కాల్చునంత సేపు కూడ పట్టదు.

కంటికి కనబడని మురికి

మెరుగుమీద మోజుపడువారును, మెరుగును లక్ష్యపెట్టనివారును ఉభయులును మరచు విషయ మొకటి గలదు. కత్తి శుభ్రత కంటి శుభ్రత మాత్రమే కాదు. చెట్టునుండి చెట్టునకు తెగులును మోయు వాహనములలో కత్తి యొకటి.

చెరకులో కార్శితోట గిడసబారు తెగులున్నది. దీనికి కారణమైన సూక్ష్మజీవి గడ రసములో నుండును. తెగులున్న గడను ముచ్చెలుగా నరికిన కత్తితోనే మంచి గడను నరికినచో ఆ రసము దీనికంటును. తోట చూచుటకు ఏ మచ్చయు లేక, కార్శి కార్శికిని గిడసబారి, దిగుబడి తగ్గిపోవుచుండును. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు కొమ్మలు కత్తిరించు కత్తెరలవలన వ్యాపించును. బత్తాయి, నిమ్మ జాతులలో ఎక్సోకార్టిస్ అను వ్యాధి కన్ను అంటు కట్టు కత్తివలన ఒక మొక్కనుండి మరియొక మొక్కకు పోవును. మన ప్రాంతమున బత్తాయికి వేరుమూలముగా వాడు రంగపూరు నిమ్మ ఈ వ్యాధికి లొంగునది. బెరడు పగిలి, పొరలుగా లేచి, చెట్టు ఎదుగక నిలిచిపోవును. నారుమడిలో ఒకనాడు చేసిన అశ్రద్ధ ఏండ్ల తరువాత తోటలో కనబడును.

కొందరు కత్తిని మంటలో చూపి శుద్ధియైనదందురు. ఎక్సోకార్టిస్ వ్యాధి బీజము వేడికి మిక్కిలి ఓర్చునది గనుక పైపై మంట చాలదు. చాలునంత కాల్చినచో అంచు గుణము చెడును. ఇందుకు సోడియం హైపోక్లోరైటు ద్రవము మంచిది. 5 శాతము బలముగల ద్రవము ఒక పాలు, నీరు నాలుగు పాళ్ళు కలిపినచో 1 శాతము బలముగల ద్రవము వచ్చును. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునపుడు, మొదట అంటిన రసమును తుడిచి, అలుగును ఈ ద్రవములో ముంచి తీయవలెను. ద్రవము ఏనాటి కానాడు కలుపుకొనవలెను; ఆమ్లములతో కలుపరాదు, విషవాయువు పుట్టును. ఇది ఉక్కును తినునది కావున పని ముగిసిన వెంటనే మంచినీట కడిగి, తుడిచి, నూనె రాయుట మరువరాదు. ఈ పని దినమును చేసినచో కత్తి మెరుగు తగ్గుట నిజమే. కత్తి మెరుగా, తోట బ్రదుకా యని యెవరికివారు ఆలోచించుకొనవచ్చును.

సంఘపు బీరువాలోని కత్తులు

ఒక గ్రామములో సంఘమువారు సభ్యుల యుపయోగార్థము అంట్లు కట్టు కత్తులను, కొమ్మలు కత్తిరించు కత్తెరలను కొనిరి. మేము చూడబోగా అవి బీరువాలో కాగితపు చుట్టలైనను విప్పకుండ నున్నవి. ఎరువిచ్చినచో పాడగునని, తనిఖీలో మాట వచ్చునని, వానిని కాపాడుచున్నవారు చెప్పిరి. సభ్యులు ఆ దినములలోనే క్షౌరపు బ్లేడు ముక్కలతో కన్నులు తీసి అంట్లు కట్టుచుండిరి.

కాపాడినవారిది దురుద్దేశము కాదు, భయము. కాని లెక్కల పుస్తకమునే చూతము. పనిముట్ల విలువలో ఏటేట తరుగుదల వ్రాయుచున్నాము గదా! వాడినను వ్రాయుదుము, వాడకున్నను వ్రాయుదుము. కొన్నేండ్లకు ఆ కత్తులు లెక్కలలో అరిగి, బీరువాలో మాత్రము క్రొత్తగా నిలుచును. సభ్యుల వాటాధనముతో కొన్న వస్తువు సభ్యుని చేతిలో అరిగినది లాభము. బీరువాలో అరిగినది నష్టము.

దీనికి మార్గము కష్టమైనది కాదు. కత్తికొక సంఖ్య వేసి, ఎరువు పుస్తకములో తీసికొన్నవారి సంతకము పొందవలెను. తిరిగి యిచ్చునపుడు "క్రొత్తగా నున్నదా?" యని కాక, "పదునుగా, పొడిగా, శుభ్రముగా నున్నదా?" యని చూచి ఒక గడిలో వ్రాయవలెను. పదును లేనిదానిని అచటనే సానమీద నూరి యిమ్మని చెప్పవలెను. మొన విరిచినవారు మాత్రము మరమ్మతు కర్చు నీయవలెను. కోతవలన అరిగినదానికి ఎవరిని తప్పుపట్టరాదు.

దాచదగిన కత్తులు

అన్ని కత్తులను పనిలో పెట్టవలెనని మేము చెప్పుట లేదు. నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమున పూర్వము కరిగించిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చుచుండిరి. అట్టి కాలపు ఉక్కు ఆయుధము లేవైన నేడు దొరికినచో వానిని సానబట్టుట అపరాధము. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములోని ఖడ్గములవలె అవి పొడిగాలిలో నిలిచి మనకు పాఠము చెప్పవలసినవి. తాతగారి చేతిలో అరిగి అర్ధచంద్రమైన కత్తిని జ్ఞాపకార్థముగ నుంచుకొనుటయు తప్పుకాదు. అవి తమ పనిని ముగించినవి. పని ముగిసినదానికి విశ్రాంతి న్యాయము. పని మొదలిడనిదానికి విశ్రాంతి యేమి?

కావున మేము కోరునది యిది. ఇంటికి పోయి పెట్టె తెరచి చూడుడు. మడత విప్పని కత్తి యున్నచో బయటికి తీయుడు. మొలలోనిది మొద్దుబారియున్నచో సానకు పట్టుడు. ఈసారి సంఘపు సమావేశమునకు వచ్చునపుడు ఎవరి కత్తిని వారు తెండు. మేము రెండు సానరాళ్ళను, ఒక సీసా ఆముదమును తెచ్చెదము. నూరుట తెలిసిన పెద్దలు తెలియని చిన్నవారికి నేర్పవచ్చును.

కాలువగట్టున ఆ సాయంకాలమున మాకు కావలసినది మెరయు కత్తి కాదు. దగ్గరనున్న కత్తి, తెగు కత్తి. అట్టిది మీ మొలలో నెప్పుడు నుండుగాక!